తలుపు తీస్తే దూది ఎగురుతుంది

ల్యాప్‌టాప్ తెర మధ్యలో తెల్లటి పెట్టె, కొత్త విండోస్ ఎక్కించమంటూ. దాని అడుగున రెండు బటన్లు. ఇప్పుడే మొదలుపెట్టు అని ఒకటి, తర్వాత అని ఇంకొకటి. తర్వాత అన్నదాని మీద బాణం గుర్తు ఆనించి కూర్చున్నాను, నొక్కలేదు. నొక్కితే పెట్టె పోతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది, విసుక్కోకుండా, అలగకుండా, అదే మాటతో. మనిషైతే ఈపాటికి నా మొహం చూడటం మానేసేది. భోజనాలయ్యాయి. గిన్నెలు కడిగి బోర్లించి వచ్చి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అందులో ఏమీ వినిపించడం లేదు, మెత్తటి దిండ్లు రెండు చెవుల్ని మూసి ఉన్నాయి, అంతే. వాటి అవతల షెడ్డులో మా ఆయన అన్వర్ నడిపే దూది మిషన్ చప్పుడు నీళ్లలో మునిగి విన్నట్టుంది. పక్కింటివాళ్లు డాబా మీద మిరపకాయలు ఆరబోశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా గొంతులో సన్నగా గీరుతుంది. అద్దంకిలో ఈ నెలల్లో ఇంతే, ఎవరూ ఎవరినీ ఏడిపించకుండానే అందరి కళ్లూ ఎర్రగా ఉంటాయి. అలసిపోయిన కళ్లు వాటిలో కలిసిపోతాయి, ఎవరూ అడగరు.

సాయంత్రం వరకే గడువు. గుంటూరులో కూర్చుని మాకందరికీ పని పంచే ఇమ్మానియేలు పొద్దున ఫోన్ చేశాడు. నాకంటే చాలా చిన్నవాడు, గొంతులో ఎప్పుడూ ఒక నవ్వు సిద్ధంగా ఉంటుంది. "మేడమ్, సాయంత్రం దాటితే పాత విండోస్ మీద మన సైటు తెరుచుకోదండి. నా చేతుల్లో లేదు. కొట్టేయండి మేడమ్, ఏం కాదు." ఏమన్నా అయితేనో అన్నాను. "అయితే కొత్తది కొనుక్కోవాలండి. మీదింకా ఆ నల్లదేనా? దానికి పింఛను రాయించాలండి బాబూ." నేనూ నవ్వాను. నవ్వాల్సిన చోట నవ్వడం కూడా ఒక పనే, అది అయ్యాక చెంపలు నొప్పిపుడతాయి. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే హయాత్ అలా నవ్వడు. నిన్న ల్యాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టి, పిల్లకి జ్వరం చూసినట్టు చూశాడు. "అక్కా, కొత్త విండోస్‌కి ఉండాల్సిన చిప్పు దీంట్లో లేదు. అయినా దొడ్డిదారిన ఎక్కిద్దాం. కొత్త రకం డిస్కు కూడా పక్కన బిగించా, కొత్తదంతా దాంట్లోకే దిగుద్ది. ఎక్కిందా, బటన్ నొక్కి గ్లాసుడు మంచినీళ్లు తాగేలోపు లేచి కూర్చుంటుంది. ఎక్కలేక మధ్యలో కూలబడిందా, ఇంక నా దగ్గరికి తీసుకురావడం కూడా దండగే." కొట్లోనే చేసిపెట్టొచ్చుగా అంటే, గంటలు పడుద్దక్కా, మా కొట్లో కరెంటు మీద నాకు నమ్మకం లేదు, దీని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, నొక్కి వదిలెయ్యండి అన్నాడు.

గ్లాసుడు మంచినీళ్లు. ఆ మాట దగ్గరే నిన్నటినుంచి ఆగిపోయాను. నేను మంచినీళ్లు కూడా గబగబా తాగుతాను, నిలబడి, సగం గొంతులో సగం కొంగు మీద. అంత వేగంగా లేస్తుందా. అన్వర్‌కి ఈ మాట చెబితే సంతోషించాడు. మధ్యాహ్నం అన్నం కలుపుతూ, "కొట్టెయ్యవే, ఏమవుద్ది. దేనికైనా ఏకుడు పడితేనే మెత్తబడేది" అన్నాడు. పరుపుల మనిషి, లోకాన్నంతా పరుపుల్లోంచే చూస్తాడు. ఫిజా ఇంటర్ చదువుతోంది, దానికి అసలు ఇది ఒక సమస్య అని కూడా అనిపించదు. "అమ్మా, నువ్వు ఆ గుండ్రాలు తిరగడం చూస్తా ఎంతసేపు కూర్చుంటావో తెలుసా? జీవితంలో సగం అక్కడే పోతోంది." తెలుసు. పోతున్నది ఏ సగమో దానికి తెలియదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పే రకం సంగతి కాదు. బటన్ నొక్కుతాను. ముందు చిన్న నీలిరంగు దీపం. తర్వాత లోపల ఎక్కడో గాలి కదులుతుంది, ముసలివాళ్లు లేచేముందు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒక ఊపిరి తీసుకుంటారే, అలా. నల్లటి తెర. అందులో నా మొహం, ముక్కుపుడక దగ్గర చిన్న మెరుపు. తర్వాత తెల్లటి చుక్కలు ఒకదాని వెంట ఒకటి గుండ్రంగా తిరుగుతాయి, ఆగుతాయి, మళ్లీ గుర్తొచ్చినట్టు తిరుగుతాయి. తర్వాత ఎవరో ఎక్కడో తీసిన ఒక సముద్రం ఒడ్డు ఫొటో, దాని మీద ఏ గుర్తులూ ఉండవు, చాలాసేపు ఉత్త నీళ్లే. అంతసేపూ నేను కుర్చీలో ఉంటాను. తలుపు దగ్గరకేసి ఉంటుంది. ఇంట్లో అందరికీ తెలుసు, సిద్దికా మిషన్ ఆన్ అవుతోంది, పిలిస్తే మళ్లీ మొదట్నుంచి అవుద్దట. మొదట్నుంచి అవుతుందని నేనే చెప్పాను, నిజానికి కాదు. ఆ చుక్కలు తిరిగినంతసేపు నేను ఎవరికీ ఏమీ కాను. ఏదో ఆలోచిస్తానని కూడా కాదు. మనసు గోడకి జారగిలబడుతుంది. ఒక్కోసారి చిన్నప్పుడు సింగరాయకొండ స్టేషన్లో మా అమ్మ పక్కన బల్ల మీద కూర్చోవడం గుర్తొస్తుంది. బండి ఆలస్యమని చెప్పారు, మా అమ్మ చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకుంది, సంచీ ఒళ్లో పెట్టుకుని పట్టాల వంక చూస్తూ ఉండిపోయింది. అమ్మని ఏ పనీ చేయకుండా చూసింది అప్పుడే. బండి రావడం ఆమె తప్పు కాదు, రాకపోవడమూ ఆమె తప్పు కాదు. మొహం ఎంత నునుపుగా ఉందో.

గుర్తులు వచ్చాక సైటు తెరుచుకుంటుంది, గొంతులు మొదలవుతాయి. పురుగుమందుల కంపెనీకి రైతులు చేసిన ఫోన్లు విని, ఉన్నది ఉన్నట్టు తెలుగులో కొట్టడం నా పని. ఎవరి మొహమూ ఉండదు. సార్, మిరపాకులకి పైముడత వచ్చింది సార్. మేడమ్, నల్ల తామరపురుగు పూతలో ఉంది, మూడు మందులు కొట్టా, చావలా. పత్తి ఎర్రబడింది అండీ, నీళ్లు పెట్టమంటారా ఆపమంటారా. పొలంలోంచి మాట్లాడతారు, వెనక గాలి, ట్రాక్టరు, ఎవరో ఒరేయ్ అని కేక. మాటల మధ్య ఆగుతారు. ఎక్కువసేపు ఆగితే బ్రాకెట్లో మౌనం అని కొట్టాలి. మౌనానికి కూలి లేదు, లెక్కలోంచి తీసేస్తారు. ఒకసారి ఒకావిడ ఫోన్ చేసి, పంట పేరు చెప్పమంటే చెప్పలేదు, ఊరు చెప్పమంటే చెప్పలేదు. లైన్లో ఎవరన్నా ఉన్నారా అంది. ఉన్నామమ్మా చెప్పండి అన్నాడు అవతలివాడు. అదే, ఉన్నారా లేదా అని, అంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, పెట్టేసింది. మౌనం అని కొట్టి ఆ రికార్డు మళ్లీ విన్నాను. ఊపిరి ఉంది అందులో. ఊపిరికి గుర్తు ఏమిటో నియమాల్లో లేదు. సాయంత్రానికి ఆ గొంతులన్నీ నా మెడ వెనక కూర్చుంటాయి. వంట చేస్తుంటే కుక్కర్ చప్పుడులో కూడా ఎవరో పురుగు చావలా అంటారు.

"ఏమ్మే సిద్దికా! లేచిందా నీ దొరసాని?"

అత్త. వరండాలో నులకమంచం మీద పడుకుని అక్కణ్ణుంచే కేకేస్తుంది. ఎప్పటికీ లేవదు కాబట్టి దీనికి దొరసాని అని పేరు పెట్టింది. ఇంకా లేవలేదత్తా అన్నాను. "దానికంటే నేను నయం. తెల్లారకముందే లేస్తా. నన్ను పెట్టుకోమను మీ ఆఫీసోళ్లని." నాలో నేనే నవ్వుకున్నాను, ఈ నవ్వుకి చెంపలు నొప్పిపుట్టవు. నిజానికి దొరసాని లేచే ఉంది, పెట్టె చూపించి నా వంక చూస్తోంది. నాకు అబద్ధం ఆడుతున్నట్టు కూడా అనిపించలేదు. తల ఎత్తి వెనక్కి వాలాను. పైన దూలానికి కొక్కెం. దానికి ఇప్పుడు వైఫై డబ్బా వేలాడుతోంది, ఆకుపచ్చ దీపాలు ఆర్పుకుంటూ వెలిగించుకుంటూ. ఒకప్పుడు దానికి దూదేకే విల్లు వేలాడేది.

ఇది దూది ఏకే గది. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి మిషన్ లేదు. మామ బుడేకి దగ్గు ముదిరి దూది దగ్గరికి వెళ్లకూడదన్నారు, విల్లు అత్త చేతికి వచ్చింది. ఆడమనిషి విల్లు పట్టడమేమిటని మొదట్లో ఎవరో అంటే, మరి నువ్వొచ్చి పట్టు అందట, మళ్లీ ఎవరూ అనలేదు. జనం పాత పరుపులు తెచ్చి పడేసేవాళ్లు. కుట్లు విప్పితే లోపల దూది గడ్డలు కట్టి, పసుపుపచ్చగా, ఏళ్ల తరబడి ఆ ఇంటివాళ్లు పడుకున్న ఆకారంలో ఉండేది. ఇక్కడ నడుము, ఇక్కడ తల. పిన్నీసులు, తాయెత్తు బిళ్లలు, ఒకసారి పిల్లవాడి పాలపన్ను. ఇతరుల నిద్రంతా నేల మీద పోసినట్టు ఉండేది, నాకు చూడటానికి సిగ్గేసేది. విప్పిన పరుపుని పొద్దుగూకేలోపు కుట్టెయ్యాలని మా ఇంట్లో ఒక పట్టింపు. కప్పకుండా వదిలిన పరుపు మీద ఇంక నిద్ర పట్టదట. ఇంకొక నియమం ఉండేది, అది మరీ గట్టిది. ఏకేటప్పుడు తలుపు తియ్యకూడదు. తీస్తే గాలికి దూది ఎగురుతుంది, ఏకిందంతా పాడవుతుంది, కూరల్లో పడుతుంది, మామ గొంతులో పడుతుంది. భోజనాలయ్యాక అత్త లోపలికి వెళ్లి గడియ పెట్టుకునేది. నరం తాడు మోగేది. ధుం, ధుం, ధుం. ఆ చప్పుడు వినిపించినంతసేపు పిల్లలు ఏడ్చినా, బేరానికి మనిషి వచ్చినా, మామ దగ్గినా ఆమెని ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

అన్వర్ చెప్పినట్టు ఏకితే మెత్తబడుతుంది, నిజమే. కానీ మిషన్లో వేసినప్పుడల్లా కొంత దూది పొడై షెడ్డు గోడలకి పడుతుంది. నాలుగుసార్లు ఏకిన దూది చేతిలోకి తీసుకుంటే పోగు ఉండదు, నలుసు ఉంటుంది. దీన్ని ఏకబాకరా అని అత్త పక్కనుంచి అంటుంది. అతను వినడు, వేస్తాడు, ఒక్కోసారి బాగానే వస్తుంది, అప్పుడు అమ్మ వంక చూసి మీసం దువ్వుతాడు. కాబట్టి నొక్కాలా వద్దా అన్నదానికి జవాబు అందులో దొరకదు.

లేదు, నేను వెతుకుతున్నది అది కాదు. ఇంకొకటి ఉంది, దానికి ముందు, ఆ తలుపు దగ్గర. పెళ్లై ఎన్నాళ్లో కాలేదు, చేతులకి గోరింట ఇంకా ఉంది. మామ మంచం మీదనుంచి, మీ అత్తని టీ నీళ్లు పెట్టమనమ్మా అన్నాడు. నేను పెడతానంటే, వద్దు, ఆమె చేతిదే కావాలి అన్నాడు. ఆ రోజు గడియ సరిగా పడలేదేమో, తలుపు మీద చెయ్యి వేస్తే తెరుచుకుంది. దూది కుప్ప, మూలనున్న కిటికీలోంచి వెలుతురు. ఆ కుప్పలో అత్త వెల్లకిలా పడుకుని ఉంది, గుండెల దాకా దూదిలో కూరుకుపోయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక కాలు పైకెత్తి, వేలాడుతున్న విల్లు తాడుని బొటనవేలితో లాగి వదులుతోంది. ధుం. కాసేపు దూలం వంక చూస్తుంది. ధుం. గదిలో ఒక్క దూదిపింజ ఎగరడం లేదు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు, లేవలేదు, కాలు కూడా దించలేదు. "తలుపు మూసి పో. దూది ఎగురుద్ది" అంది. మూసి వచ్చాను. పని మీద ఉంది మామా, కాసేపాగమంది అన్నాను. ఆయన సరేలే అని కళ్లు మూసుకున్నాడు. నేను మాత్రం భయపడ్డాను. గాలేమన్నా సోకిందా, మనిషికి మతి సరిగా లేదా, ఇలాంటి ఇంట్లో పడ్డానా అని రాత్రంతా ఆలోచించాను. మర్నాడు అత్త మామూలుగానే ఉంది, పప్పులో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. ఇద్దరం ఆ మాట ఇన్నేళ్లలో ఎత్తలేదు.

తర్వాత అన్వర్ మిషన్ తెచ్చాడు. దానికి మల్లెపూల దండ వేసి, వీధిలో మిఠాయి పంచి, ఇంక నీకు ఆ చాకిరీ లేదమ్మా అన్నాడు, అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్త మిషన్ చుట్టూ ఒకసారి తిరిగింది. "దీన్ని ఏ గదిలో పెడతావురా?" అంది. గదిలో కాదమ్మా, షెడ్డులో. "షెడ్డుకి తలుపేది?" తలుపెందుకమ్మా, గాలాడాలిగా అన్నాడు. అందరూ నవ్వారు. అత్త సరే అంది. కొన్నాళ్లు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పెద్దవాళ్లకి కొత్తది పడదులే అనుకున్నాం, నేను కూడా అనుకున్నాను, అలా అనుకోవడం సులువు. విల్లు అటక మీదికి వెళ్లింది. ఏమీ తోచక మిరపకాయల ముచ్చికలు తీసే పనికి పోయింది, పదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చుని, చేతులు మండిపోతే ఆముదం రాసుకుని. ఓపిక పోయాక వరండాలోకి వచ్చి పడింది. అప్పట్నుంచి అక్కడే, ఎవరు పిలిస్తే వాళ్లకి అందే దూరంలో. ఈ గది కొన్నాళ్లు ఖాళీగా ఉండి, తర్వాత నా పనికి వచ్చింది. మాట్లాడే గొంతులు సరిగా వినపడాలి, తలుపు మూసి ఉండాలి అని నేనన్నప్పుడు అన్వర్ ఎందుకని అడిగాడు. అత్త, ఉండనీరా, మూసుకుంటే నీదేం పోయింది అంది. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. పెట్టె వంక చూస్తూ చూస్తూ ఇప్పుడు తట్టింది, వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు.

నొక్కకపోతే సాయంత్రం నుంచి పని ఉండదు, పని లేకపోతే ఈ తలుపు మూసుకునే కారణం ఉండదు, ఈ గదిలో దూది మూటలు వేస్తారు. నొక్కి, అది మధ్యలో కూలబడితే, అప్పుడూ అంతే. నొక్కి, ఎక్కితే, మంచినీళ్లు తాగేలోపు గొంతులు మొదలవుతాయి, కుర్చీలో కూర్చోగానే పురుగు చావలా. ఎటు తిప్పినా ఆ చుక్కలు తిరిగే కాసేపు ఇవాళ్టితో సరి. నాది అంటూ ఉన్నది అంతే కదా, అదీ ఒక ముసలి మిషన్ చేతకానితనంలోంచి రాలి పడింది. దాని కోసం ఏడవబుద్ధి కూడా కాలేదు. ఏడవాలంటే ఓపిక ఉండాలి. ఒళ్లంతా ఇసుక నింపినట్టుంది. హయాత్ ఏమన్నాడు, గంటలు పడుద్దక్కా. గంటలు. అన్ని గంటలూ ఆ చుక్కలే. ఆ మాట నిన్న విన్నాను, వినలేదు. గ్లాసుడు నీళ్ల దగ్గర ఆగిపోయి అక్కడిదాకా రాలేదు.

బాణం గుర్తుని ఎడమవైపుకి, ఇప్పుడే అన్నదాని మీదికి జరిపి నొక్కాను. ఒకసారి ఆరిపోయింది. నల్లటి తెర, అందులో నా మొహం. తర్వాత చుక్కలు. వాటి కింద చిన్న అక్షరాలు, ఇది కొంత సమయం తీసుకుంటుంది, మీ కంప్యూటర్‌ని ఆపవద్దు. శాతం సున్నా. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. గోడవారగా అన్వర్ కుట్టిన కొత్త పరుపు ఒకటి చుట్టి ఉంది, రేపు ఎవరికో ఇవ్వాల్సింది. దాన్ని నేల మీద పరిచాను. ల్యాప్‌టాప్ అక్షరాలు అరిగిపోయాయని విడిగా పెట్టుకున్న కీబోర్డు బల్ల చివర వైరుతో వేలాడుతుంటే తీసి కింద పెట్టాను. పడుకున్నాను. పట్టపగలు ఈ ఇంట్లో నేను వెల్లకిలా పడుకోవడం, ఫిజా పుట్టినప్పుడు తప్ప, గుర్తులేదు. కొక్కెం సరిగ్గా నా పైనే ఉంది. కొత్త దూది వాసన, ఎండ వాసన, ఎక్కడో మిరప ఘాటు. శాతం ఎంతో ఇక్కణ్ణుంచి కనపడదు. కనపడకపోవడం బాగుంది.

షెడ్డులో మిషన్ ఆగింది. అన్వర్ చెప్పుల చప్పుడు వరండా దాకా వచ్చింది.

"సిద్దికా, టీ పెట్టవే. తల పగిలిపోతా ఉంది."

నోరు తెరిచాను. మిషన్ ఆన్ అవుతోందని చెప్పాలి. చెప్పేలోపు తలుపు కొంచెం కదిలింది, సందులోంచి ఒక గీత వెలుతురు నా కాళ్ల మీద పడింది, దాని వెనక నెరిసిన తల. అత్త. నన్ను చూసింది, పరుపుని, నేల మీద కీబోర్డుని, బల్ల మీద తిరుగుతున్న చుక్కల్ని. నేను లేవలేదు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఈ నెలల్లో అందరివీ ఎర్రగానే ఉంటాయి.

"ఏం చేస్తందమ్మా లోపల?" అన్వర్ అడిగాడు.

"పనిలో ఉంది. తలుపు తియ్యబాక."

"టీకి ఎంతసేపు పడుద్ది, ఒకసారి రమ్మను."

"తియ్యబాకన్నానా. లోపల ఎగురుతా ఉంది."

"ఏంది ఎగిరేది? కంప్యూటర్లో ఏం ఎగురుద్దమ్మా?"

"నీకు తెలవదులేరా. పరుపులు కుట్టుకునేవాడివి నీకెందుకు. పోయి నువ్వే పెట్టు, నాక్కూడా ఒక గ్లాసు తే. చక్కెర తగలెయ్యబాక."

తలుపు మూసుకుంది. బయట గడియకి ఆమె చెయ్యి తగిలిన చప్పుడు, తర్వాత నులకమంచం తలుపు దగ్గరికి ఈడ్చిన చప్పుడు. అన్వర్ ఏదో గొణుక్కుంటూ వంటింట్లోకి పోయాడు, గిన్నెలు తప్పుడు చోట వెతుకుతున్నాడు. లేచి చెప్పను. పైన కొక్కేనికి ఆకుపచ్చ దీపాలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. కాళ్లు చాపాను. చల్లగా కీబోర్డు అంచు తగిలింది. కాసేపటికి, అలవాటు లేని బొటనవేలితో, ఏ అక్షరమో చూడకుండా ఒకటి నొక్కాను. టక్. దూలం వంక చూస్తూ ఉండిపోయాను. ఇంకాసేపటికి, టక్.

తలుపు అవతల అత్తకి దగ్గు వచ్చింది. మిరప ఘాటుకి వచ్చిన దగ్గులా లేదు, ఆ టక్‌కి జవాబులా ఉంది.